గేరు గర్రుమంటే తప్పు చేతిదేనా?

మన డ్రైవర్ల మధ్య ఒక మాట ఉంది. బండి బాగా నడిస్తే బండి మంచిది, నడవకపోతే డ్రైవరు చెడ్డవాడు. 2003లో మస్కట్‌లో దిగినప్పటి నుంచి పికప్పు, లారీ, నీళ్ల ట్యాంకరు మార్చి మార్చి తోలుతున్నాను. ఈ మాట ఎన్నిసార్లు చెవిన పడిందో లెక్క లేదు. టైరు పేలితే ఎండదే తప్పంటారు. ఏసీ చల్లగా రాకపోతే గ్యాసు అయిపోయిందంటారు. గేరు గర్రుమంటే మాత్రం అందరూ ముందు చూసేది డ్రైవరు చేతివైపే. "నీకు గేరు వెయ్యడం రాదు. క్లచ్ మీద కాలు పెట్టుకుని తోలుతున్నావు. ప్లేటు కాల్చేశావు. జీతంలో కోసుకుంటాం." ఈ నాలుగు ముక్కలూ వినని పికప్పు డ్రైవరు ఒమాన్‌లో ఎవరైనా ఉంటే అతను ఆటోమేటిక్ బండి తోలేవాడై ఉండాలి.

అందుకే ఈ వారం గేర్ల గురించి రాస్తున్నాను. తప్పు చేతిదా, బండిదా అన్నది డ్రైవరు తనంతట తానే పది నిమిషాల్లో తెలుసుకోవచ్చు. దానికి పానా అక్కర్లేదు, స్క్రూడ్రైవరు అక్కర్లేదు. ఇంజను ఆపడం, స్టార్ట్ చెయ్యడం వస్తే చాలు.

ఇప్పుడు సొంత కార్లు దాదాపు అన్నీ ఆటోమేటిక్కే. ఇక్కడ లైసెన్సు కూడా ఆటోమేటిక్‌కు వేరు, మాన్యువల్‌కు వేరు. ఆటోమేటిక్ లైసెన్సు ఉన్నవాడు గేరు బండి ముట్టుకోకూడదు. మరి గేరు బండ్లు ఎవరికి మిగిలాయంటే మనకే. కంపెనీ పికప్పులు, లారీలు, ట్యాంకర్లు, లేబరు బస్సులు. క్యాంపులో నలుగురు కలిసి కొనుక్కున్న పాత చిన్న కారు కూడా చాలా సార్లు గేరు బండే. డ్రమ్ములూ, స్లోపూ, రోడ్డూ అన్నీ పాసై, రాయల్ ఒమాన్ పోలీసు చేతి మీదుగా లైసెన్సు తీసుకోవడానికి మనవాళ్లు ఎంత డబ్బు, ఎన్ని నెలలు పోగొట్టుకుంటారో మీకు చెప్పనక్కర్లేదు. అంత కష్టపడి తెచ్చుకున్న పనిని ఒక క్లచ్ ప్లేటు పేరు చెప్పి పోగొట్టుకోవడం ఏం న్యాయం?

అలాగని చేతి తప్పు అసలు ఉండదని అనను. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి నెలలో తప్పకుండా ఉంటుంది. దానికి కారణం తెలివి తక్కువై కాదు. మన ఊళ్లో స్టీరింగు కుడివైపు, గేరు రాడ్డు ఎడమ చేతికి. ఇక్కడ స్టీరింగు ఎడమవైపు, రాడ్డు కుడి చేతికి. పెడళ్లు మాత్రం మారవు, క్లచ్ ఎప్పుడూ ఎడమ కాలిదే. గేర్ల వరస కూడా మారదు, ఫస్టు ఎడమ చివర పైనే ఉంటుంది. కానీ మన ఊళ్లో ఆ ఎడమ చివర మన ఒంటికి దూరం. ఇక్కడ మన తొడకు దగ్గర. పదేళ్లు లారీ తోలిన చెయ్యి అయినా మొదట్లో ఫస్టు కోసం దూరంగా తోస్తుంది, అక్కడ మూడో, అయిదో తగులుతుంది. అయిదు నుంచి నాలుగుకు లాగబోయి రెండులో పడేస్తే ఇంజను ఒక్కసారి కేక పెడుతుంది. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఒకటే. బండి ఇచ్చిన రోజు సాయంత్రం క్యాంపులో ఇంజను ఆపి, కళ్లు మూసుకుని, ఒకటి నుంచి అయిదు దాకా, మళ్లీ అయిదు నుంచి ఒకటి దాకా ఒక అరగంట వెయ్యండి. పక్కవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. రాడ్డును పిడికిలితో బిగించి పట్టుకోవద్దు. అరచేతితో తోసి వదిలితే రాడ్డు మధ్యకు దానంతట అదే వచ్చి నిలబడుతుంది. ఆ మధ్య చోటు ఏ గేర్ల వరసదో చేతికి తెలిసిపోతే సగం పని అయినట్టే.

ఆ మొదటి నెల దాటాక కూడా గేరు అరుస్తోందంటే చేతిని అనుమానించే ముందు బండిని అనుమానించాలి.

మొన్న జగిత్యాల వైపు తమ్ముడొకడు ఫోను చేశాడు. కట్టడం సామాన్లు అమ్మే ఒక కంపెనీలో పికప్పు డ్రైవరు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. జీతం నూట ముప్పై రియాళ్లు. ఏడు నెలల్లో రెండోసారి క్లచ్ ప్లేటు మార్చారట. ఎనభై రియాళ్లు అతని మీద వేసి, నెలకు ఇరవై చొప్పున కోస్తున్నారట. అప్పటికి రెండు నెలలు కోశారు. "అన్నా, కొత్త ప్లేటు ఏసినంక గూడ గట్లనే ఉన్నదే. పొద్దుగాల బండి తీస్తే ఫస్టు పడ్తలేదు. రివర్సు పెడ్తే గర్రుమంటది. రెండు మూడు సార్లు పెడల్ కొడితే అప్పుడు పడ్తది. మేనేజరేమో నన్నే తిడ్తుండు" అన్నాడు. ఆ మూడో మాట వినగానే నాకు సగం అర్థమైంది. అయినా కళ్లతో చూడకుండా చెప్పడం మంచిది కాదని శుక్రవారం వాదీ కబీర్ రమ్మన్నాను. అక్కడ నాకు తెలిసిన పాకిస్తానీ ఉస్తాద్ ఒకాయన ఉన్నాడు. నా గేరు చదువు సగం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఉస్తాద్ బానెట్టు కూడా ఎత్తలేదు. ముందు ఇంజను ఆపమన్నాడు. ఆపి, క్లచ్ నొక్కి అన్ని గేర్లూ వెయ్యమన్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, రివర్సు, చప్పుడు లేకుండా పడ్డాయి. తర్వాత స్టార్ట్ చేసి మళ్లీ వెయ్యమన్నాడు. ఫస్టు మొండికేసింది. రివర్సు గర్రుమంది. "గేరుబాక్సు మంచిదే" అన్నాడు. తమ్ముడు నా ముఖం చూశాడు.

దీని వెనక ఉన్న లెక్క చాలా చిన్నది. ఇంజను ఆగినప్పుడు గేర్లు సాఫీగా పడి, తిరుగుతున్నప్పుడు పడకపోతే, క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదన్నమాట. ఊళ్లో పాత పిండిమిల్లు చూసినవాళ్లకు ఇది ఇట్టే తెలుస్తుంది. ఇంజను ఆపకుండానే మిల్లువాడు కర్రతో బెల్టును పక్క చక్రం మీదికి తోస్తాడు, రాయి ఆగుతుంది. బెల్టు సరిగ్గా జరగక అంచు ఇంకా తగులుతూ ఉంటే రాయి నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది. ఆ తిరిగే రాయిలో చెయ్యి పెడితే ఏమవుతుంది? క్లచ్ విడిపోని బండిలో గేరు వెయ్యడం అట్లాంటిదే. పెడల్ నేలకు తగిలే దాకా నొక్కినా లోపల ప్లేటు ఇంకా కొంచెం తిరుగుతూ ఉంటుంది. పళ్లకు పళ్లు కొట్టుకుని ఆ గర్రు వస్తుంది.

క్లచ్ ఎందుకు విడిపోదు? పికప్పుల్లో ఎక్కువగా పెడల్‌కూ క్లచ్‌కూ మధ్య ఉన్నది నూనె. పెడల్ పక్కన ఒక సిలిండరు, కింద గేరుబాక్సు పక్కన ఇంకొకటి. గరాజీల్లో పైది, కిందది అనే అంటారు. పెడల్ తొక్కితే పైది నూనెను తోస్తుంది, కిందది ఆ తోపుతో ఫోర్కును నెడుతుంది. ఆ నూనె కారినా, దాంట్లో గాలి చేరినా తోపు సగమే అందుతుంది. పెడల్‌ను గబగబా రెండు మూడు సార్లు కొట్టాక గేరు పడుతోందంటే నూటికి తొంభై పాళ్లు జబ్బు ఇక్కడే. తమ్ముడు ఫోనులో చెప్పిన మూడో మాట ఇదే.

ఉస్తాద్ బండి కిందికి దూరి, కింద సిలిండరు మీది రబ్బరు తొడుగును వేలితో వెనక్కి లాగాడు. వేలు తడిసింది. పైన క్లచ్ నూనె డబ్బాలో గుర్తు కంటే బాగా కిందికి దిగి ఉంది. లోపలి రబ్బరు వాషరు అరిగి నూనె కారుతోంది. కొత్త రబ్బర్లు, ఒక సీసా నూనె, గాలి తీసిన కూలీ అన్నీ కలిపి తొమ్మిది రియాళ్లయింది. ఎనభై రియాళ్ల క్లచ్ ప్లేటు రెండుసార్లు మార్చిన బండి ఇది.

ఇక్కడ తమ్ముడు ఒక మంచి పని చేసి ఉన్నాడు. రెండోసారి తీసేసిన పాత ప్లేటును పారెయ్యనీయకుండా అడిగి తెచ్చుకుని సీటు వెనక పెట్టుకున్నాడు. దాన్ని ఉస్తాద్ చేతిలో పెడితే ఆయన గోరుతో రివెట్ల మీద రాసి చూపించాడు. ప్లేటు అరిగిపోయి ఉంటే రివెట్టు తలలు పైకి తేలి ఉండాలి. ఇవి ఇంకా బాగా లోపలే ఉన్నాయి. హాఫ్ క్లచ్‌లో తోలి కాల్చిన ప్లేటు అయితే నల్లగా మాడి ఉంటుంది, మాడు వాసన వస్తుంది, దాని మీద కూర్చునే ప్రెషర్ ప్లేటు ముఖం కూడా నీలం మచ్చలు పడి ఉంటుంది. ఇది మాడలేదు. అంటే ఆ ప్లేటు మార్చాల్సిన అవసరమే లేదు. మార్చినవాడు జబ్బును వెతకలేదు, ఉన్నదాన్ని విప్పి కొత్తది పెట్టి బిల్లు రాశాడు. బిల్లు చూసిన మేనేజరు డ్రైవరు మీద రాశాడు.

పాత ప్లేటు, తొమ్మిది రియాళ్ల బిల్లు, తడిసిన రబ్బరు ఫోటో తీసుకుని తమ్ముడు ఆదివారం ఆఫీసుకు వెళ్లాడు. మిగతా రెండు నెలల కోత ఆపారు. కోసిన నలభై మాత్రం తిరిగి ఇవ్వలేదు. "పోనీలే అన్నా, బండి మంచిగున్నది" అన్నాడు. నాకు మాత్రం పోనీలే అనిపించలేదు. నలభై రియాళ్లు ఊళ్లో ఒక పిల్లవాడి బడి ఫీజు.

ఇంకొక చిన్న సంగతి. ఇదే లక్షణం కొన్నిసార్లు పెడల్ కింద ముడుచుకున్న రబ్బరు మ్యాటు వల్ల కూడా వస్తుంది. పెడల్ చివరి దాకా దిగదు, క్లచ్ పూర్తిగా విడిపోదు. నవ్వకండి, గరాజీ గేటు దాకా వెళ్లి మ్యాటు తీసి వెనక్కి వచ్చిన బండ్లు చూశాను.

ఇక ఇంజను ఆపినా గేర్లు గట్టిగానే ఉంటే క్లచ్‌ను వదిలెయ్యండి. అప్పుడు చూడాల్సింది రాడ్డు కింద. పికప్పుల్లో రాడ్డు నేరుగా గేరుబాక్సులోకి దిగుతుంది, దాని మొదట్లో ప్లాస్టిక్ బుష్షు ఉంటుంది. చిన్న కార్లలో రాడ్డుకూ బాక్సుకూ మధ్య తీగలు, కీళ్లు ఉంటాయి. ఈ దేశపు ఎండకు బుష్షులు పెళుసెక్కి పగులుతాయి, ఇసుక చేరి గ్రీజు ముద్దకడుతుంది. రాడ్డు గంజిలో గరిటెలా అటూ ఇటూ ఊగుతూ, ఏ గేరులో ఉందో తెలియకుండా పోతే ఇదే జబ్బు. ఖర్చు తక్కువ. కానీ దీన్ని చూడకుండా గేరుబాక్సు దింపేవాళ్లు ఉన్నారు, జాగ్రత్త.

మూడో రకం వేరు. అన్ని గేర్లూ బాగానే పడతాయి. పరుగులో ఉండగా రెండులోకో, మూడులోకో వేసేటప్పుడు మాత్రం గర్రుమంటుంది. ఎప్పుడూ అదే గేరు. ఇది సింక్రో రింగు అరిగిన గుర్తు. నడుస్తున్న ఆర్టీసీ బస్సు ఎక్కేవాణ్ణి చూడండి. ముందు బస్సుతో పాటు నాలుగడుగులు పరుగెత్తి, వేగం కలిశాక ఫుట్‌బోర్డు మీద కాలేస్తాడు. పరుగెత్తకుండా కాలేసినవాడు పళ్లు రాలగొట్టుకుంటాడు. గేరు పళ్ల విషయంలో ఆ నాలుగడుగుల పరుగు సింక్రో రింగు పని. ఎక్కువ బండ్లలో ఇత్తడి రింగు ఉంటుంది. అది రాపిడితో రెండువైపుల వేగం కలిపాక పళ్లు కలుస్తాయి. 1928లో అమెరికాలో క్యాడిలాక్ కార్లలో మొదటగా వచ్చింది. అంతకు ముందు ప్రతి డ్రైవరూ ఆ పరుగును తన కాలితోనే పెట్టించాల్సి వచ్చేది.

మా కడపలో నాకు లారీ నేర్పిన పెద్దాయన ఆ విద్యనే నేర్పాడు. డబుల్ క్లచ్. కింది గేరుకు దించేటప్పుడు క్లచ్ నొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, యాక్సిలరేటరు కొంచెం తొక్కి, మళ్లీ క్లచ్ నొక్కి గేరు వెయ్యాలి. పై గేరుకు పోయేటప్పుడు యాక్సిలరేటరు తొక్కే పని లేదు, న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలితే చాలు. "నువ్వు గేరు ఎయ్యొద్దురా, అది పిలిచినప్పుడు పో" అనేవాడు. సింక్రో అరిగిన బండిని డబుల్ క్లచ్‌తో నెలల తరబడి అరుపు లేకుండా నడపవచ్చు. డబుల్ క్లచ్ చేస్తే అరుపు పోయిందంటే జబ్బు సింక్రోదే అని కూడా రుజువైనట్టు. ఇప్పటి పిల్లలకు ఈ విద్య తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ చాలా వరకు లేదు. పాత బండి చేతికొస్తే మాత్రం అన్నం పెడుతుంది.

సింక్రో అరుగుదలలో నూనె పాత్ర కూడా ఉంది. గేరుబాక్సు నూనె ఎవరికీ గుర్తుండదు. ఇంజను నూనె అయిదు వేలకో, పది వేలకో మారుస్తారు. గేరు నూనె బండి అమ్మే దాకా అదే. మార్చినా చేతికి దొరికింది పోస్తారు. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని రాసి ఉంటుంది. అయిదు నాలుగు కంటే పెద్దది కాబట్టి మంచిదనుకుంటారు. అట్లా కాదు. జీఎల్-5లో వెనక యాక్సిల్ గేర్ల కోసం ఎక్కువ మందు కలుపుతారు. ఆ మందు కొన్ని రకాల నూనెల్లో ఇత్తడి రింగులను తినేస్తుంది. మరీ జారుడుగా ఉన్నా రింగు పట్టు దొరకదు. బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అది పోయించండి. పుస్తకం లేకపోతే ఛాసిస్ నంబరు చెప్పి ఏజెన్సీ స్పేర్ పార్టుల కౌంటర్లో అడిగితే చెబుతారు. అడగడానికి డబ్బు తీసుకోరు.

నూనెలో నీళ్లు చేరడం ఈ దేశంలో ప్రత్యేకంగా చూడాల్సిన జబ్బు. వర్షం లేని దేశమనుకుంటాం కానీ వచ్చినప్పుడు వాదీలు ఎట్లా పొంగుతాయో 2007 జూన్‌లో గోను తుపాను నాడు మస్కట్‌లో, 2021 అక్టోబరులో షాహీన్ నాడు బాతినా తీరంలో చూశాం. గేరుబాక్సుకు పైన గాలి పీల్చే చిన్న గొట్టం ఉంటుంది. పరుగెత్తి వేడెక్కిన బాక్సు ఒక్కసారి నీళ్లలో మునిగితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, ఆ గొట్టం నుంచో, సీళ్ల నుంచో నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. గోను తర్వాత మా యార్డులో విప్పిన బాక్సుల్లో నూనె అచ్చం కరక్ చాయ్ రంగులో వచ్చింది. అట్లా వదిలేసిన బండ్లకు మొదట గేర్లు బిగుసుకుంటాయి, తర్వాత బేరింగులు కూస్తాయి. తక్కువ ధరకు వస్తోందని పాత బండి కొనే ముందు నూనె బోల్టు కొంచెం వదులు చేసి రంగు చూడండి. పొంగిన వాదీలో బండి దింపడం చట్ట ప్రకారం నేరం, ప్రాణానికి ముప్పు. అర్బాబ్ ఫోనులో "పర్వాలేదు, రా" అన్నా సరే, ఆయన ఆ వాదీ గట్టు మీద లేడు.

ఇప్పటి దాకా చెప్పినవి డబ్బుతో పోయేవి. ఒక జబ్బు మాత్రం డబ్బుతో పోదు. గేరు దానంతట అదే ఊడి న్యూట్రల్‌లోకి రావడం.

2012లో జబల్ అఖ్దర్ మీద ఒక కట్టడం పనికి సామాను వేసేవాళ్లం. తెలియనివాళ్లకు చెబుతున్నాను, నిజ్వా దగ్గర బిర్కత్ అల్ మౌజ్ నుంచి ఆ కొండ మొదలవుతుంది. కింద పోలీసు చెక్‌పోస్టు ఉంటుంది, ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లనే పైకి వదులుతారు. పైన సైఖ్ ప్రాంతం సముద్ర మట్టానికి దాదాపు రెండు వేల మీటర్ల ఎత్తు. దారిలో అక్కడక్కడా బ్రేకులు తప్పిన బండ్ల కోసం పక్కకు ఎత్తుగా కట్టిన దారులు ఉంటాయి. అవి ఎందుకున్నాయో దిగేటప్పుడు అర్థమవుతుంది. అక్కడ దిగడం బ్రేకు మీద కాదు, గేరు మీద. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే సగం దారికే బ్రేకులు కాలి, పెడల్ మెత్తబడి, ఆఖరికి పట్టవు.

నాకిచ్చిన పికప్పు రెండో గేరు లాగుడు వదిలినప్పుడు కొంచెం వణుకుతోందని రెండు వారాల ముందే బండి పుస్తకంలో తేదీ, కిలోమీటర్లతో సహా రాసి సంతకం చేశాను. "పని అయ్యాక చూద్దాం" అన్నారు. ఆ రోజు షట్టరింగ్ చెక్క వేసుకుని దిగుతున్నాం. పక్కన శ్రీకాకుళం హెల్పరు. రెండో గేరులో, మనిషి పరుగు కంటే కొంచెం ఎక్కువ వేగంలో ఉన్నాం. ఒక మలుపు ముందు టప్పుమని రాడ్డు నా చేతిని కొట్టి న్యూట్రల్‌లోకి వచ్చేసింది. ఇంజను పట్టు పోయిన బండి కొండ మీద ఎట్లా ముందుకు దూకుతుందో చూసినవాడికే తెలుస్తుంది. వేగం ఎక్కువ లేదు, బ్రేకు చల్లగానే ఉంది, కాబట్టి గట్టిగా తొక్కితే పట్టింది. బండి ఆగాక ఫస్టులో వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, దిగి చక్రాల కింద రాళ్లు పెట్టాం. హెల్పరు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చిన్న గేరు రాడ్డును ఫోర్-లోలో వేసి, ఫస్టులోనే, రాడ్డును చేత్తో పట్టుకుని చెక్‌పోస్టు దాకా నడక వేగంతో దిగాం. వెనక వచ్చినవాళ్లు హారన్లు కొట్టారు. కొట్టనీ.

బాక్సు విప్పితే రెండో గేరు పళ్ల అంచులు గుండ్రంగా అరిగి ఉన్నాయి, గేరును పట్టి ఉంచే గుండు వెనక స్ప్రింగు చచ్చిపోయి ఉంది. రిపేరు అయ్యే దాకా ఆ బండి ఎక్కనన్నాను. డ్రైవరు భయపడుతున్నాడని ఒకరన్నారు. బండి పుస్తకం తెరిచి నా సంతకం ఉన్న పేజీ చూపించాను. దాని తర్వాత ఎవరూ ఏమీ అనలేదు, కోత కూడా లేదు.

అందుకే రాత ముఖ్యమంటాను. నోటితో చెప్పింది ఎవరూ వినలేదనవచ్చు. ఇప్పుడు పుస్తకం లేకపోయినా ఫోను ఉంది. బండిలో ఏదైనా తేడా వచ్చిన రోజే తేదీ, కిలోమీటర్లు, ఏ గేరు, ఎప్పుడు, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అని రెండు వాక్యాలు రాసి సూపర్‌వైజరుకు వాట్సాప్ పెట్టండి. గర్రుమనే చప్పుడు రికార్డు చేసి పెట్టండి. ఇంగ్లీషు, హిందీ రాకపోతే తెలిసిన వాళ్లతో రాయించండి. పార్టు మార్చినప్పుడల్లా పాతది అడిగి తీసుకోండి. గరాజీవాడు ఎందుకని అడిగితే మేనేజరు అడిగాడని చెప్పండి.

మన వైపు నుంచి కూడా కొన్ని ఉన్నాయి. రువి, దర్సయిత్ వైపు సాయంత్రం జామ్‌లో క్లచ్ సగం నొక్కి బండిని నిలబెట్టే అలవాటు చాలామందికి ఉంది. న్యూట్రల్ చేసి కాలు తియ్యండి. నడిపేటప్పుడు చెయ్యి రాడ్డు మీద వేలాడేసి ఉంచడం దర్జాగానే ఉంటుంది కానీ ఆ బరువు లోపలి ఫోర్కు మీద పడి దాన్ని అరగదీస్తుంది. చప్పుడు ఏ కాలికి వస్తోందో కూడా గమనించండి. న్యూట్రల్‌లో పెడల్ వదిలినప్పుడు కూత వచ్చి, నొక్కగానే ఆగిపోతే బాక్సు లోపలి బేరింగు. నొక్కినప్పుడే వస్తే క్లచ్ రిలీజ్ బేరింగు. ఈ ఒక్క మాట చెప్పగలిగితే గరాజీవాడు మిమ్మల్ని తేలిగ్గా మోసం చెయ్యలేడు.

చివరగా రివర్సు గురించి. చాలామంది ఇదే అడుగుతారు. అన్నీ బాగానే ఉన్నాయి, రివర్సు ఒక్కటే అప్పుడప్పుడు గర్రుమంటుంది, గేరుబాక్సు పోయినట్టేనా అని. చాలా బండ్లలో రివర్సుకు సింక్రో ఉండదు. క్లచ్ నొక్కిన వెంటనే వేస్తే లోపలి చక్రం ఇంకా తిరుగుతూ ఉంటుంది కాబట్టి అరుస్తుంది. బండి పూర్తిగా ఆగాక క్లచ్ నొక్కి మూడు అంకెలు లెక్కపెట్టి వెయ్యండి. తొందరగా ఉంటే ముందు ఫస్టులో వేసి, క్లచ్ వదలకుండా అక్కడి నుంచి రివర్సులోకి లాగండి, ఫస్టు సింక్రో ఆ చక్రాన్ని ఆపుతుంది. ఇట్లా చేసినా అరుస్తుంటే కింద సిలిండరు రబ్బరు తొడుగు తీసి వేలు పెట్టి చూడండి.